ఫోన్ డిస్క్ కాదు: లినక్స్‌లో యూఎస్‌బీ ఫైలు బదిలీ ఎందుకు తడబడుతుంది?

క్లుప్తంగా: ఆండ్రాయిడ్ ఫోన్లు కంప్యూటర్‌కు డిస్క్‌లా కనిపించే పద్ధతికి 2011 నుంచి దూరమయ్యాయి. ఇప్పుడవి ఎంటీపీ అనే ప్రోటోకాల్ ద్వారా, అడిగిన ఫైలును అడిగినప్పుడు అందిస్తాయి. ఖాళీ ఫోల్డర్, నత్తనడక, మారిపోయే తేదీలు, మధ్యలో ఆగిపోయే కాపీ లాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఆ మార్పే. నాలుగైదు ఫైళ్లకు ఎంటీపీ చాలు. వేల ఫైళ్లు తీసుకోవాలంటే ఏడీబీ అనే టెర్మినల్ సాధనం గానీ, అదే కేబుల్ మీద నడిచే నెట్‌వర్క్ గానీ మేలు. ఐఫోన్ దారి పూర్తిగా వేరు.

లినక్స్ కంప్యూటర్‌కు పెన్‌డ్రైవ్ పెడితే క్షణాల్లో తెరుచుకుంటుంది. అదే పోర్టుకు స్మార్ట్‌ఫోన్ తగిలిస్తే చార్జింగ్ ఎక్కుతుంది, ఫైల్ మేనేజర్‌లో ఫోన్ పేరూ కనిపిస్తుంది, లోపలికి వెళ్తే మాత్రం ఏమీ ఉండదు. ఒక్కోసారి ఫైళ్లు కనిపించినా ఫోటోల ఫోల్డర్ తెరుచుకోవడానికే నిమిషాలు పడుతుంది. లినక్స్‌కు సరైన డ్రైవర్ లేదేమోనన్న అనుమానం రావడం సహజమే, కానీ చాలా సందర్భాల్లో అది నిజం కాదు. కేబుల్ అవతల ఉన్నది డిస్క్ అనుకుని వాడటం దగ్గరే తేడా వస్తోంది.

## డిస్క్‌గా ఉన్న రోజులు

తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లు యూఎస్‌బీ మాస్ స్టోరేజ్ పద్ధతిలో పనిచేసేవి. కేబుల్ పెట్టి, యూఎస్‌బీ స్టోరేజ్ ఆన్ చేసే బటన్ నొక్కితే ఎస్‌డీ కార్డు మొత్తం కంప్యూటర్ అధీనంలోకి వెళ్లిపోయేది. లినక్స్ కెర్నెల్‌కు, అంటే సిస్టమ్‌ను నడిపే కీలక భాగానికి, ఇది కొట్టిన పిండి. ఏ బ్లాకులో ఏముందో నేరుగా చదువుతుంది, నేరుగా రాస్తుంది.

ఇబ్బందల్లా ఫోన్ వైపే. ఒక ఫైల్ సిస్టమ్‌ను రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఒకేసారి తెరిస్తే ఒకటి రాసింది రెండోదానికి తెలియదు. ఎక్కడ ఖాళీ ఉందన్న లెక్క తప్పి, ఒకరి డేటా మీద ఇంకొకరు రాసేస్తారు. అందుకే కార్డు కంప్యూటర్ చేతిలో ఉన్నంతసేపూ ఫోన్ దాన్ని వదులుకోవాల్సి వచ్చేది. కార్డులోకి మార్చిన యాప్‌లు మాయమయ్యేవి. అందులోని పాటను రింగ్‌టోన్‌గా పెట్టుకుంటే అది మోగేది కాదు. కెమెరా తెరిస్తే ఫోటో దాచడానికి చోటు లేదనేది.

అంతకన్నా పెద్ద చిక్కు మెమరీ పంపకం. విండోస్ కూడా చదవాలి కాబట్టి కంప్యూటర్‌కు ఇచ్చే భాగం ఫ్యాట్ ఫార్మాట్‌లోనే ఉండాలి. యాప్‌లకు ఆ ఫార్మాట్ పనికిరాదు. దాంతో ఫోన్ లోపలి మెమరీని రెండు ముక్కలు చేసేవారు. యాప్‌ల ముక్క నిండిపోయి, పక్కనే ఫైళ్ల ముక్క ఖాళీగా పడి ఉన్నా సర్దుకునే వీలుండేది కాదు.

2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3.0తో ఈ అడ్డుగోడ తీసేసే పని మొదలైంది. యాప్‌లు, ఫైళ్లు ఒకే భాగంలోకి వచ్చాయి. ఆ భాగాన్ని వదులుకుంటే ఫోన్ నడవదు కాబట్టి, దాన్ని కంప్యూటర్‌కు అప్పగించే ప్రశ్నే లేదు. అదే ఏడాది ఆండ్రాయిడ్ 4.0తో వచ్చిన గెలాక్సీ నెక్సస్‌లో మాస్ స్టోరేజ్ అసలు లేనే లేదు. ఆ తర్వాత ఆండ్రాయిడ్ 7తో ఫైలు స్థాయి ఎన్‌క్రిప్షన్ వచ్చింది, ఆండ్రాయిడ్ 10తో విడుదలయ్యే కొత్త ఫోన్లకు అది తప్పనిసరి అయింది. ఇప్పుడు మెమరీని ఉన్నదున్నట్టుగా కంప్యూటర్‌కు ఇచ్చినా కనిపించేది అర్థంకాని డేటాయే. పాత పద్ధతిని వెనక్కి తెమ్మనే కోరిక పదేళ్లకు పైగా వినిపిస్తూనే ఉంది. సాంకేతికంగా ఆ తలుపు ఎప్పుడో మూసుకుపోయింది.

## అడిగితేనే చెప్పే పద్ధతి

ఎంటీపీ అంటే మీడియా ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్. డిజిటల్ కెమెరాల కోసం ఐఎస్‌ఓ 15740 ప్రమాణంగా ఉన్న పీటీపీని మైక్రోసాఫ్ట్ విస్తరించగా ఇది వచ్చింది. పాటల ప్లేయర్లను విండోస్‌తో కలపడం అప్పటి అవసరం. 2008లో దీన్ని యూఎస్‌బీ పరికరాల అధికారిక తరగతుల్లో చేర్చారు. పాటలు, ఫోటోలు ఒక్కొక్కటిగా ఇటు నుంచి అటు పంపడానికి పుట్టిన పద్ధతి ఇది. వంద గిగాబైట్ల ఫైల్ సిస్టమ్‌ను మోయడం దాని పుట్టుకలో లేదు. తర్వాత నెత్తిన పడిన బరువది.

పాత పద్ధతి గ్రంథాలయం తాళంచెవులు చేతికిచ్చినట్టయితే, ఎంటీపీ కౌంటర్ దగ్గర చీటీ రాసిచ్చి పుస్తకం కోసం నిలబడినట్టు. లోపల ఏ అర ఎక్కడుందో కంప్యూటర్‌కు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

ఎంటీపీలో ఫైలుకు పేరు కన్నా ముందు ఒక సంఖ్య ఉంటుంది. దాన్నే హ్యాండిల్ అంటారు. కంప్యూటర్ ఒక ఫోల్డర్ తెరవాలంటే ముందు అందులో ఉన్న హ్యాండిల్స్ జాబితా అడుగుతుంది. ఫోన్ సంఖ్యలు పంపుతుంది. అప్పుడు ఒక్కో సంఖ్యకూ పేరేమిటి, సైజెంత, తేదీ ఏది అని విడిగా అడగాలి. కెమెరా ఫోల్డర్‌లో 5,000 ఫోటోలుంటే 5,000 ప్రశ్నలు, 5,000 జవాబులు. పైగా ఒక సెషన్‌లో ఒక లావాదేవీ పూర్తయ్యాకే రెండోది మొదలవ్వాలి. ఫైల్ మేనేజర్ పనిలో పనిగా ఫోటోలకు థంబ్‌నెయిల్స్ కూడా చూపించబోతే వరుస ఇంకా పొడవవుతుంది. కాపీ మొదలుపెట్టి, ఈలోగా ఇంకో ఫోల్డర్ తెరవబోతే విండో బిగుసుకుపోవడానికి కారణం కూడా ఇదే.

అన్ని ఫైళ్ల వివరాలూ ఒకేసారి అడిగే ఆదేశం ప్రమాణంలో ఉంది. దాన్ని వాడితే సగం గోల తగ్గేది. కానీ లినక్స్‌లో ఈ పనికి ఆధారమైన లిబ్‌ఎంటీపీ లైబ్రరీ ఆండ్రాయిడ్ ఫోన్ల దగ్గర ఆ ఆదేశాన్ని నమ్మదు. ఆండ్రాయిడ్‌లో సరిగా పనిచేయనివాటి జాబితా ఒకటి ఆ లైబ్రరీ కోడ్‌లో ‘ఆండ్రాయిడ్ బగ్స్’ అన్న పేరుతోనే ఉంది. ఈ సామూహిక ఆదేశం అందులో చేరినదే.

ఫైలును ఉన్నచోటే మార్చడం కూడా అసలు ఎంటీపీలో లేదు. ఒక్క అక్షరం దిద్దినా మొత్తం ఫైలు మళ్లీ పంపాలి. ఈ లోటు పూడ్చడానికి ఆండ్రాయిడ్‌లో సొంత పొడిగింపులు చేర్చారు. ఫైలులో ఒక ముక్కను మాత్రమే చదవడం, మధ్యలో రాయడం వాటితో కుదురుతుంది. అయితే లినక్స్ సాధనాలన్నీ వాటిని ఒకేలా వాడవు. ఫోన్‌లోని డాక్యుమెంట్‌ను అక్కడే తెరిచి, దిద్ది, సేవ్ చేస్తే ఒకచోట పనిచేసి ఇంకోచోట ఎర్రర్ రావడం ఇందువల్లే. కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని దిద్దడమే క్షేమం.

## లినక్స్ లోపల ఏం జరుగుతుంది

ఎంటీపీ విషయంలో లినక్స్ కెర్నెల్ పాత్ర నామమాత్రం. యూఎస్‌బీ మీద డేటా అటూ ఇటూ చేరవేయడం వరకే దాని పని. మిగతాదంతా కెర్నెల్ బయట, మామూలు ప్రోగ్రాముల స్థాయిలో నడుస్తుంది. ఫోన్ తగిలించగానే యూడెవ్ అనే వ్యవస్థ దాన్ని గమనిస్తుంది. తెలిసిన మోడల్ అయితే నేరుగా గుర్తిస్తుంది, తెలియనిదైతే ఎంటీపీ-ప్రోబ్ అనే చిన్న సాధనం ఫోన్‌నే అడిగి తేల్చుకుంటుంది. ఆ తర్వాత లాగిన్ అయి ఉన్న యూజర్‌కు అనుమతి దొరుకుతుంది. ఈ గుర్తింపు, అనుమతుల రూల్స్ ఇన్‌స్టాల్ కాని సిస్టమ్‌లోనే, రూట్‌గా (సర్వాధికారాలున్న యూజర్‌గా) నడిపితే పనిచేసి మామూలు యూజర్‌గా నడిపితే మొండికేసే విచిత్రం కనిపిస్తుంది.

పైన ఫైల్ మేనేజర్‌కు అందించే పని డెస్క్‌టాప్‌ను బట్టి మారుతుంది. గ్నోమ్‌లో జీవీఎఫ్ఎస్ ఆ పని చేస్తుంది. ఎంటీపీ కోసం ప్రత్యేక భాగం అందులోకి 2013లో వచ్చింది, అంతకుముందు ఫోన్లను కెమెరాల్లా చూసేవారు. కేడీఈలో కేఐఓ ఉంది. డెస్క్‌టాప్‌తో సంబంధం లేకుండా ఫోన్‌ను ఒక ఫోల్డర్‌గా మౌంట్ చేసే జేఎంటీపీఎఫ్ఎస్, సింపుల్-ఎంటీపీఎఫ్ఎస్, గో-ఎంటీపీఎఫ్ఎస్ లాంటివీ ఉన్నాయి. ఆండ్రాయిడ్ ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఫర్ లినక్స్ అనే సాధనం లిబ్‌ఎంటీపీని పక్కనపెట్టి సొంత కోడ్ రాసుకుంది. ఒకదానితో పదేపదే తెగిపోయే ఫోన్ ఇంకోదానితో నిలకడగా పనిచేయడానికి ఈ తేడానే కారణం కావచ్చు. ప్రయత్నించి చూడటంలో పోయేదేమీ లేదు.

ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోవాలి. ఫోన్‌లోని ఎంటీపీ ఇంటర్‌ఫేస్‌ను ఒక సమయంలో ఒక ప్రోగ్రామే పట్టుకోగలదు. కేబుల్ పెట్టగానే ఫైల్ మేనేజర్ దాన్ని తన గుప్పిట్లోకి తీసుకుంటుంది. ఆపైన టెర్మినల్‌లో ఇంకో సాధనం నడిపితే ‘డివైస్ బిజీ’ అన్న ఎర్రర్ ఎదురవుతుంది. ముందు ఫైల్ మేనేజర్‌లో ఫోన్‌ను ఎజెక్ట్ చేసి, తర్వాత టెర్మినల్ సాధనం నడిపితే సరి. రెండూ కావాలంటే, గ్నోమ్ మౌంట్ చేసిన ఫోల్డర్‌ను టెర్మినల్ నుంచి కూడా చూడొచ్చు. అది ‘/రన్/యూజర్/1000/జీవీఎఫ్ఎస్’ కింద ఉంటుంది. 1000 అన్నది ఆ సిస్టమ్‌లో మొదటి యూజర్‌కు మామూలుగా ఉండే నంబరు.

## ఖాళీ ఫోల్డర్ రహస్యం

ఆండ్రాయిడ్ 6 నుంచి కేబుల్ పెట్టగానే ఫోన్ చార్జింగ్‌కు మాత్రమే ఒప్పుకుంటుంది. ఫైళ్లు ఇవ్వాలంటే నోటిఫికేషన్‌లోకి వెళ్లి ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకోవాలి. భద్రతే దీనికి కారణం. ముక్కూమొహం తెలియని చార్జింగ్ పోర్టు ఫోన్‌లోంచి డేటా లాగేసే ప్రమాదాన్ని 2011లోనే డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సదస్సులో ఒక చార్జింగ్ కియోస్క్ పెట్టి చూపించారు. ఫోన్ లాక్‌లో ఉన్నా ఫైళ్లు ఇవ్వదు. అందుకే ఫైల్ మేనేజర్‌లో ఫోన్ పేరు కనిపించినా లోపల ఖాళీగా ఉంటుంది. అన్‌లాక్ చేసి మోడ్ మార్చాక, ఫోల్డర్‌ను మూసి మళ్లీ తెరవాలి.

తప్పు ఎక్కడుందో తేల్చడానికి కెర్నెల్ లాగ్ కన్నా నమ్మకమైన సాక్ష్యం లేదు. టెర్మినల్‌లో డీమెసేజ్ ఆదేశాన్ని ఎదురుచూసే రీతిలో (dmesg -w) నడుపుతూ కేబుల్ తగిలించాలి. ఒక్క వరుస కూడా రాకపోతే ఫోన్ సెట్టింగులతో కుస్తీ పట్టడం వృథా, ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే. డేటా తీగలు లేకుండా కరెంటు తీగలు మాత్రమే ఉన్న చార్జింగ్ కేబుళ్లు చాలా తిరుగుతున్నాయి, పైకి చూసి తేడా చెప్పలేం. వరుసలు వచ్చి, ఫోన్‌లో మోడ్ మార్చగానే ‘డిస్‌కనెక్ట్’ అన్న మాట, వెంటనే కొత్త పరికరం వచ్చిందన్న మాట కనిపిస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే. మోడ్ మారినప్పుడు ఫోన్ యూఎస్‌బీ నుంచి తప్పుకుని, వేరే ప్రోడక్ట్ నంబరుతో కొత్త పరికరంలా తిరిగొస్తుంది. కేబుల్ కదపకుండానే అలా ఊడినట్టు కనిపించడం చూసి కంగారు పడనక్కర్లేదు. కాపీ మధ్యలో అదే జరిగితే మాత్రం వదులైన పోర్టునో, నాసిరకం కేబుల్‌నో, హబ్‌నో అనుమానించాలి.

## వేగం: కేబులా, ప్రోటోకాలా?

ఆ లాగ్‌లోనే ఇంకో సంగతి దొరుకుతుంది. ఫోన్‌ను ‘హై-స్పీడ్’ పరికరంగా రాస్తే అది యూఎస్‌బీ 2.0, ‘సూపర్‌స్పీడ్’ అని రాస్తే యూఎస్‌బీ 3 తరం. పేర్లు వింటే రెండూ గొప్పగానే ఉంటాయి. తేడా మాత్రం పదిరెట్లకు పైనే: మొదటిది సెకనుకు 480 మెగాబిట్లు, రెండోది 5 గిగాబిట్ల నుంచి మొదలు.

480 మెగాబిట్లంటే లెక్కప్రకారం సెకనుకు 60 మెగాబైట్లు. ఆచరణలో 30 నుంచి 40 దాకా వస్తే బాగా నడుస్తున్నట్టే. సెకనుకు 35 మెగాబైట్ల చొప్పున 60 గిగాబైట్ల వీడియోలకు దాదాపు అరగంట పడుతుంది. ఇందులో లినక్స్ తప్పేమీ లేదు. టైప్-సి పోర్టు ఉన్నంత మాత్రాన వేగం ఉన్నట్టు కాదు, అది ఆకారం పేరు మాత్రమే. 2023లో వచ్చిన ఐఫోన్ 15లో టైప్-సి ఉన్నా వేగం యూఎస్‌బీ 2 స్థాయే. 15 ప్రో సెకనుకు 10 గిగాబిట్ల దాకా వెళ్లగలదు, కానీ పెట్టెలో ఇచ్చిన కేబుల్ యూఎస్‌బీ 2దే.

ప్రోటోకాల్ వల్ల వచ్చే జాప్యం వేరే రకం. 4 గిగాబైట్ల వీడియో ఒక్కటే అయితే ఎంటీపీ కేబుల్ వేగానికి దగ్గరగానే వెళ్తుంది. అదే 4 గిగాబైట్లు చిన్న చిన్న ఫైళ్లుగా వేలల్లో ఉంటే ఒక్కో ఫైలుకూ వివరాలు పంపడం, జవాబు కోసం ఆగడం, డేటా పంపడం, మళ్లీ ఆగడం. సమయమంతా ఈ ఆగడాల్లోనే కరిగిపోతుంది. అలాంటప్పుడు ఖరీదైన కేబుల్ కొన్నా ఒరిగేదేమీ ఉండదు. కంప్యూటర్ నుంచి ఫోన్‌కు పంపేవైతే, వీలున్నచోట ఒకే జిప్ ఫైలుగా కట్టి పంపడం నయం.

## తేదీలు, పేర్లు

ఎంటీపీతో ఫోన్‌కు పంపిన ఫైళ్లకు అసలు తేదీ పోయి, కాపీ చేసిన రోజు తేదీ పడటం మామూలే. తేదీని తర్వాత సరిచేసే వీలూ సాధారణంగా దొరకదు. మారిన ఫైళ్లను మాత్రమే కాపీ చేసే ఆర్‌సింక్ సాధనం వాడేవారికి దీని దెబ్బ గట్టిగా తగులుతుంది. ఆర్‌సింక్ సైజు, తేదీ రెండూ సరిపోతేనే ఫైలును వదిలేస్తుంది. తేదీ ఎప్పటికీ సరిపోదు కాబట్టి ప్రతిసారీ మొత్తం మళ్లీ కాపీ చేయడానికి దిగుతుంది. సైజును మాత్రమే చూడమని చెప్పడం అక్కడ పనికొచ్చే ఉపాయం. సైజు మారకుండా లోపలి విషయం మారిన ఫైళ్లు అప్పుడు తప్పించుకుపోతాయన్నది వేరే సంగతి.

లినక్స్‌లో ఫైలు పేరులో కోలన్, ప్రశ్న గుర్తు పెట్టుకోవచ్చు. ఫోన్ వాటిని ఒప్పుకోకపోవచ్చు. స్క్రీన్‌షాట్ పేర్లలో సమయం కోలన్లతో ఉంటే వందల ఫైళ్లలో అవే కొన్ని ఆగిపోతాయి.

## ఏడీబీ, టెథరింగ్

ఏడీబీ అనేది యాప్‌లు తయారుచేసేవారి కోసం ఉద్దేశించిన సాధనం. అయినా పెద్దమొత్తంలో ఫైళ్లు తీసుకోవడానికి ఎంటీపీ కన్నా నిలకడైనది ఇదే. పుల్ ఆదేశంతో కెమెరా ఫోల్డర్ మొత్తాన్ని ఒక్క వరుసలో తెచ్చుకోవచ్చు, ‘-ఎ’ ఆప్షన్ చేరిస్తే తేదీలు కూడా అలాగే వస్తాయి. ఫైళ్లకు హ్యాండిల్ సంఖ్యలుండవు, మామూలు పాత్‌లే (ఫోల్డర్ల దారులే). సెట్టింగుల్లో బిల్డ్ నంబర్‌ను ఏడుసార్లు తట్టి డెవలపర్ ఆప్షన్లు తెరిచి, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయాలి. ఆండ్రాయిడ్ 4.2.2 నుంచి కంప్యూటర్ కీని ఫోన్ తెర మీద ఆమోదిస్తేనే పని జరుగుతుంది. ఏడీబీకి ఉన్న అధికారాలు ఫైళ్లతో ఆగవు కాబట్టి, పని కాగానే డీబగ్గింగ్ ఆపేయడం మంచిది.

రెండో దారి యూఎస్‌బీ టెథరింగ్. ఇది ఆన్ చేస్తే అదే కేబుల్ మీద ఫోన్‌కూ కంప్యూటర్‌కూ మధ్య నెట్‌వర్క్ ఏర్పడుతుంది. ఇందుకు కావాల్సిన డ్రైవర్లు లినక్స్ కెర్నెల్‌లోనే ఉన్నాయి. ఫోన్‌లో నెట్‌వర్క్ మీద ఫైళ్లు అందించే ఎస్‌ఎఫ్‌టీపీ సర్వర్ యాప్ గానీ, కేడీఈ కనెక్ట్ యాప్ గానీ ఉంటే వైఫై అవసరం లేకుండానే ఫైళ్లు పంపుకోవచ్చు. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటి: టెథరింగ్ ఆన్ కాగానే కంప్యూటర్ ఇంటర్నెట్ మొత్తం ఫోన్ మీదికి మళ్లవచ్చు. ముందుగా మొబైల్ డేటా ఆపకపోతే, ఫైళ్లు వచ్చేలోగా వెనక నడిచే అప్‌డేట్లు డేటా ప్యాక్‌ను ఖాళీ చేసేస్తాయి.

ఎస్‌డీ కార్డు ఉన్న ఫోన్లలో కార్డు తీసి రీడర్‌లో పెట్టడమూ ఉంది. ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉన్న కార్డులకు మద్దతు 2019లో వచ్చిన కెర్నెల్ 5.4 నుంచీ ఉంది. కార్డును ఫోన్ సొంత మెమరీగా కలుపుకుని ఉంటే మాత్రం అది ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, రీడర్‌లో తెరుచుకోదు.

## ఐఫోన్

ఐఫోన్‌కు ఎంటీపీతో పనిలేదు. ఫోటోలను కెమెరాలా పీటీపీ ద్వారా ఇస్తుంది, మిగతాదంతా యాపిల్ సొంత ప్రోటోకాల్ మీద నడుస్తుంది. ఆ ప్రోటోకాల్‌ను గమనించి, విడమర్చి స్వచ్ఛందంగా రాసినదే లిబ్‌ఐమొబైల్‌డివైస్. జెయిల్‌బ్రేక్ (యాపిల్ పెట్టిన ఆంక్షలను తొలగించడం) అవసరం లేదు. ఫోన్ తెర మీద ‘ట్రస్ట్’ నొక్కాలి, యూఎస్‌బీమక్స్‌డీ అనే సర్వీసు నడుస్తుండాలి. ఐఫ్యూజ్ అనే సాధనంతో ఫోటోల విభాగాన్ని, ఫైల్ షేరింగ్ అనుమతించిన యాప్‌ల డాక్యుమెంట్లను మౌంట్ చేయవచ్చు. ఫోన్ మొత్తం తిరిగి చూసే వీలు లేదు. ఐక్లౌడ్‌లో స్టోరేజ్ ఆదా చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే కొన్ని ఫోటోల అసలు ఫైళ్లు ఫోన్‌లోనే ఉండవు. అలాంటప్పుడు ఎంత మంచి సాధనం వాడినా కేబుల్ మీద అవి రావు.

## ఇక ముందు

ఎంటీపీకి ఎన్ని లోపాలున్నా అది ఇప్పట్లో పోయే సూచనలు లేవు. విండోస్‌లో అది అంతర్భాగం. మ్యాక్‌లో అదీ లేదు, వేరే యాప్ తెచ్చుకోవాలి. ఆ లెక్కన చూస్తే, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే చాలా డెస్క్‌టాప్‌లలో ఫోన్ తెరుచుకునే లినక్స్ పరిస్థితి మెరుగే. మెరుగుదల ఏదైనా రావాల్సింది ఎక్కువగా ఫోన్ వైపు నుంచి. పాత ఆండ్రాయిడ్‌లలో ఎంటీపీ మీడియా డేటాబేస్‌ను చూసి జవాబిచ్చేది. కొత్తగా పుట్టిన ఫైలు డేటాబేస్‌లోకి ఎక్కకపోతే కంప్యూటర్‌కు కనిపించేది కాదు, ఫోన్ రీస్టార్ట్ చేస్తే ప్రత్యక్షమయ్యేది. ఆ తర్వాతి ఆండ్రాయిడ్‌లలో ఈ బాధ బాగా తగ్గింది.

లినక్స్ వైపు పని ఎక్కువగా స్వచ్ఛంద కార్యకర్తల చేతుల్లో ఉంది. లిబ్‌ఎంటీపీలోని ఫోన్ల జాబితా వాడేవారు పంపిన వివరాలతోనే పెరుగుతూ వచ్చింది. ఒక కొత్త మోడల్‌ను అది గుర్తించకపోతే ఎంటీపీ-డిటెక్ట్ ఆదేశం నడిపి, అది చూపిన వెండర్ నంబరు, ప్రోడక్ట్ నంబరు, ఫోన్ ఒప్పుకున్న ఆదేశాల పట్టికను ఉన్నదున్నట్టుగా ప్రాజెక్టుకు పంపాలి. ఫోన్ సీరియల్ నంబరు కూడా ఆ ఫలితంలో కనిపించవచ్చు, పంపేముందు దాన్ని తీసేయాలి.